ఆ వార్తకు సవరణ వేయండి

సంపాదకులు గారికి,

పోయిన సోమవారం మీ జిల్లా పేజీలో 'అభిమానులతో యువ హీరో సందడి' అని మా బరంపురం బట్టల షాపు ప్రారంభం ఫొటో వేశారు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. నేను చూసింది సందడి కాదు.

పది గంటలకి వస్తాడన్న హీరో రెండున్నరకి వచ్చాడు. అతని కారు కోసం పొద్దున్నే కూరగాయల బళ్ళు తీయించేశారు. ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లలు మంచినీళ్లు లేక షట్టర్ల నీడన కూలబడ్డారు. కారు దిగగానే పదో తరగతి కుర్రాడొకడు సెల్ఫీకని ఫోను చాపాడు. హీరో ఆ చేతిని ఫట్‌మని కొట్టాడు. ఫోను సిమెంటు మెట్టు మీద పడి అద్దం పగిలింది. ఈలలే ఈలలు! 'అన్నా, మాస్!' అని అరుపులు. ఆ కుర్రాడు కూడా గాజుపొడి చొక్కాకి తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టడం లేదు. హెల్మెట్ లేకపోతే మమ్మల్ని ఆపి ఫైన్ రాసే పోలీసాయన అంతా చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి హీరో పక్కన నిలబడి ఫొటో దిగాడు.

హీరోకి పాతికేళ్లు కూడా లేవు. తప్పు చేస్తే తప్పని చెప్పే మనిషి చుట్టూ ఒక్కడూ లేకపోతే ఆ వయసులో ఎవరైనా అలాగే తయారవుతారు. కెనడా పాప్ గాయకుడు జస్టిన్ బీబర్‌కి పదిహేనేళ్లకే పేరొచ్చింది. 2014 జనవరిలో, ఇంకా ఇరవై నిండకుండానే, అమెరికాలో పక్కింటి మీద గుడ్లు విసిరాడు. అక్కడి కోర్టు 80,900 డాలర్లు కట్టించింది. మన దగ్గరా 2019లో టీవీ షోలో మాటల గొడవకి హార్దిక్ పాండ్యా, కేఎల్ రాహుల్‌లను ఆస్ట్రేలియా నుంచి వెనక్కి రప్పించి, తర్వాత చెరో 20 లక్షలు జరిమానా వేశారు. చనిపోయిన జవాన్ల కుటుంబాలకూ, అంధుల క్రికెట్‌కూ ఆ డబ్బు ఇమ్మన్నారు. అంత పెద్దవాళ్లకే ఆగమని చెప్పగలిగినప్పుడు, మా ఊళ్ళో మెట్ల మీద జరిగినదానికి ఒక్కరికీ నోరు పెగల్లేదేం?

మీ పేపరు మీదా నాకు కోపంగానే ఉంది. మా వీధి తెలుగు బడికి రెండేళ్లుగా తెలుగు టీచరు లేడని మూడుసార్లు రాసి పంపాను. ఒక్క ముక్క వేయలేదు. ఆఫీసుల్లో అర్జీ ఇస్తే వచ్చే నెల అంటారు, ఏ నెలో చెప్పరు. హీరో కళ్లజోడు ధర మాత్రం బాక్సు కట్టి వేశారు. టీచరు కోసం రెండేళ్లు చూసిన ఆ బడి పిల్లలే ఆ రోజు అతని కోసం నాలుగున్నర గంటలు నిలబడ్డారు. వాళ్లకి మనం నేర్పింది అది.

ఫోను బాగుచేయడానికి 2,800 అడిగారట. వాళ్ళ నాన్న రిక్షా ట్రాలీ తోలతాడు. ఆ డబ్బు షాపువాళ్ళు ఇస్తారో హీరో ఇస్తాడో, ఇవ్వాలి. ఫోను పగిలిందని, కొట్టింది ఎవరో మీరూ రాయండి. మొదటి పేజీ అక్కర్లేదు, ఆ ఫొటో వేసిన చోటే వేయండి.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా