సాగర్ లాంచీ ఎత్తిపోతలకు పోదు: సొమ్ము వాపసు కోరుతూ ఫిర్యాదు

నల్లగొండ

యాత్రల విభాగం మేనేజర్ గారికి,

విషయం: నాగార్జునసాగర్ – ఎత్తిపోతల ఒకరోజు ప్యాకేజీలో తప్పుడు ప్రకటన, సేవాలోపం గురించి.

అయ్యా,

పోయిన శుక్రవారం మీ ప్యాకేజీలో సాగర్‌కు పోయిన 32 మందిమి కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మనిషికి 1,650 రూపాయలు ముందే కట్టాం. మీ కరపత్రంలో మూడు మాటలు ఉన్నాయి: లాంచీలో నాగార్జునకొండ, అదే లాంచీలో ఎత్తిపోతల జలపాతం, జలపాతం కింద స్నానం. వీటిలో మొదటిది శుక్రవారం కుదరదు. రెండోది ఏ రోజూ కుదరదు. మూడోది ఎవరూ చేయకూడదు.

ముందు రెండో మాట సంగతి. లాంచీలు తిరిగేది డ్యాంకు ఎగువన, జలాశయంలో. నాగార్జునకొండ ఆ నీళ్ల మధ్య ఉన్న దీవి. ఎత్తిపోతల కృష్ణ మీద లేదు, చంద్రవంక వాగు మీద ఉంది. ఆ వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకి, ఇంకో మూడు కిలోమీటర్లు పారి, డ్యాంకు దిగువన కృష్ణలో కలుస్తుంది. అంటే లాంచీకీ జలపాతానికీ మధ్య 124 మీటర్ల ఎత్తున డ్యాం అడ్డంగా నిలబడి ఉంది. మీ కరపత్రంలోని మ్యాపులో నీలం గీత లాంచీ రేవు నుంచి బయలుదేరి డ్యాం గోడ మీదుగా పోయి ఎత్తిపోతల దగ్గర ఆగుతుంది. ఆ గీత గీసినవాళ్లు ఒక్కసారి కట్ట దగ్గర నిలబడి చూసినా ఈ తప్పు జరిగేది కాదు. జలపాతానికి దారి రోడ్డే: కుడిగట్టు నుంచి మాచర్ల రోడ్డులో, డ్యాం దగ్గర నుంచి 11 కిలోమీటర్లు.

స్నానం మాట ఇంకా ప్రమాదకరం. జలపాతం కింది మడుగులో మొసళ్లు ఉంటాయి, అక్కడే మొసళ్ల పెంపక కేంద్రం కూడా ఉంది. అందుకే జలపాతాన్ని ఎదురుగా ఉన్న వ్యూ పాయింట్ మీద నిలబడి చూస్తారు. "స్నానానికి ఒక జత బట్టలు తెచ్చుకోండి" అని మీరు ఫోన్‌లో మెసేజ్ కూడా పంపారు. మాలో తొమ్మిదిమంది పిల్లలు తువ్వాళ్లు సర్దుకుని వచ్చారు. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం మా లేఖ అందిన రోజే తీసేయండి, మిగతా లెక్కలు తర్వాత చూసుకుందాం.

ఇక శుక్రవారం. నాగార్జునకొండ మ్యూజియానికి వారపు సెలవు శుక్రవారమే. 1954 నుంచి 1960 దాకా లోయలో తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలు చూడడానికే అంతదూరం నీళ్లలో పోతారు. మ్యూజియం మూసిన రోజున దీవికి ప్రయాణం పెట్టుకోరు. తేదీ ఖాయం చేసింది మీరు. చివరికి మమ్మల్ని రేవు దగ్గర అరగంట జాలీ ట్రిప్పు తిప్పి దింపేశారు.

లైఫ్ జాకెట్ల విషయం వివరంగా రాయాల్సి ఉంది. పిల్లలకు వేరే సైజు ఇస్తామన్నారు. మీ గైడు బండిలోంచి దింపిన సంచిలో ఉన్నవన్నీ పెద్దవాళ్లవే. ఒక జాకెట్‌ను ఆరేళ్ల పాపకు తొడిగి, బకిల్స్ అన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే అది చెవుల మీదుగా జారి చేతికొచ్చింది. నీళ్లలో పడినప్పుడూ అంతే: జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. జాకెట్ లోపలి ఫోమ్‌ను వేళ్లతో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే లేవాలి, మీరు తెచ్చినవాటిలో నాలుగింటికి నొక్కిన గుంట అలాగే ఉండిపోయింది. రేవు సిబ్బంది పిల్లల సైజువి వెతికి తెచ్చేదాకా ఎవరినీ లాంచీ ఎక్కనివ్వలేదు, వాళ్లకు మా కృతజ్ఞతలు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత కూడా ఒక యాత్రల సంస్థ జాకెట్లను ఇంత తేలిగ్గా తీసుకోవడం మాకు చాలా బాధ కలిగించింది.

బండికి ఆంధ్ర పర్మిట్ కూడా తీసుకోలేదు. ఎడమగట్టు నల్లగొండ జిల్లా, కుడిగట్టు పల్నాడు జిల్లా. వంతెన దాటితే రాష్ట్రం మారుతుంది. చెక్‌పోస్టు దగ్గర ట్యాక్స్ కోసమని మీ గైడు మనిషికి వంద చొప్పున మా దగ్గరే వసూలు చేశాడు.

ఇదే ప్యాకేజీ సరిగ్గా నడపొచ్చు. శుక్రవారం కాకుండా ఇంకో రోజు పెట్టండి. ముందురోజు సాయంత్రం లాంచీ స్టేషన్‌కు ఫోన్ చేసి నీటిమట్టం, గాలి, లాంచీ వేళలు అడగండి. పూర్తి మట్టం 590 అడుగులు. నీళ్లు బాగా తగ్గితే ఒడ్డు వెనక్కి జరిగి, ఎక్కేచోట బురద, రాళ్లు తేలతాయి, ముసలివాళ్లు దిగలేరు. నల్లగొండలో ఆరింటికి బయలుదేరి హాలియా మీదుగా పోయి, వంతెన దాటి విజయపురి సౌత్‌లో తొలి లాంచీ అందుకోండి. పొద్దున నీళ్లు నిమ్మళంగా ఉంటాయి, మధ్యాహ్నం గాలి లేస్తే లాంచీలు ఆపేస్తారు. లాంచీలో అందరూ ఫోటోల కోసం ఒకే పక్కకు చేరకుండా గైడు చూసుకోవాలి. భోజనం తర్వాత బండిలో ఎత్తిపోతల. వానాకాలంలో ధార నిండుగా ఉంటుంది. మిగతా రోజుల్లో కుడికాలువ నుంచి వదిలే నీటి మీద ఆధారపడుతుంది కాబట్టి ఎండాకాలం ప్యాకేజీకి వానాకాలం ఫోటో వేయకండి.

మేము కోరేది ఇది. కరపత్రం ప్రకారం పడవ ప్రయాణానికి మనిషికి 600 చొప్పున 19,200 రూపాయలు, చెక్‌పోస్టు దగ్గర వసూలు చేసిన 3,200 రూపాయలు, మొత్తం 22,400 తిరిగి ఇవ్వాలి. జాలీ ట్రిప్పు టికెట్లకు మీరు కట్టినది రసీదు చూపించి మినహాయించుకోండి. కరపత్రం, మ్యాపు మార్చి కొత్త ప్రతి మాకు పంపాలి. పాత ఫోమ్ జాకెట్లు పక్కన పడేయాలి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. కరపత్రం, మీ మెసేజ్, చెల్లింపు రసీదులు, జాకెట్ల ఫోటోల నకళ్లు ఈ లేఖకు జత చేస్తున్నాం.

ఇట్లు,
32 మంది ప్రయాణికుల తరఫున