నా థాంక్స్‌ని మీ ఖాతాలో వేసుకోకండి

ప్రజా ఫిర్యాదుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మొన్న మీ శాఖ నుంచి నా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. నా అర్జీ పరిష్కారమైందట. సేవలు ఎలా ఉన్నాయో స్టార్లు ఇచ్చి చెప్పమని కింద లింకు కూడా పెట్టారు. నిజానికి అర్జీ పరిష్కారం కాలేదు. చనిపోయిన మా నాన్న పేరు రికార్డులో ఒక అక్షరం తప్పుగా పడింది. ఆ అక్షరం ఇప్పటికీ అలాగే ఉంది. దానివల్ల అమ్మకు రావాల్సిన పెన్షన్ మూడేళ్లుగా ఆగిపోయింది. ఆ అర్జీ ఇలా 'పరిష్కారం' కావడం ఇది నాలుగోసారి.

అయినా లింకు నొక్కి అయిదు స్టార్లు ఇచ్చాను. మీ నివేదికలో నేను ఈపాటికి తృప్తి పడిన వాళ్ల లెక్కలోకి చేరిపోయి ఉంటాను. అందుకే ఈ ఉత్తరం.

ఆ స్టార్లు మీకు కాదండీ, మూడో కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి. సర్వర్ పనిచేయని ఒక రోజు, లైనంతా విసుక్కుంటుంటే, ఆమె అమ్మను లోపలికి పిలిచి కుర్చీ వేసింది. భోజనం డబ్బా పక్కన పెట్టి మా కాగితాలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఏ కాగితం తక్కువైందో, అది ఎక్కడ దొరుకుతుందో పాత కవరు వెనక రాసిచ్చింది. "ఇది లేకపోతే పైవాళ్లు మళ్లీ తిప్పి పంపుతారమ్మా, ముందే తెచ్చుకోండి" అంది. ఆ అక్షరం దిద్దే అధికారం ఆమెకు లేదు. అధికారం ఉన్నవాళ్లకు తీరిక లేదు.

అప్పటి నుంచి అమ్మ పొద్దున దేవుడికి దండం పెట్టుకుంటూ ఇంట్లోవాళ్ల పేర్లతో పాటు ఆమెనీ తలచుకుంటుంది. పేరు తెలియదు కదా, "ఆ మూడో కౌంటర్ అమ్మాయి చల్లగా ఉండాలి" అంటుంది. ఒకరోజు నాకు ఒళ్లు మండి, "పనే జరగలేదు, దండం దేనికి?" అన్నాను. "పని జరగలేదని మనిషిని మర్చిపోతామా?" అంది.

నాకది చాలాకాలం మింగుడుపడలేదు. కృతజ్ఞత అంటే నాకు ముందునుంచీ కొంచెం అనుమానం. ఉన్నదాంతో తృప్తి పడమనే సలహా ఎప్పుడూ ఉన్నవాళ్ల నుంచి లేనివాళ్లకే వస్తుంది, కింది నుంచి పైకి వెళ్లడం నేనైతే చూడలేదు. కానీ అమ్మ కృతజ్ఞత అలాంటిది కాదు. ఆవిడ ఒక్క అర్జీ కూడా మానలేదు. ఇప్పుడు నాకూ అదే దారిగా తోస్తోంది. ఏ అధికారమూ లేని మనిషి అరగంటలో అంత చేయగలిగిందని కళ్లారా చూశాక, అన్ని అధికారాలూ ఉన్న మీరు "ప్రక్రియ అలాంటిది" అంటే ఎలా నమ్మమంటారు?

నమ్మకం సంగతి కూడా చెప్పాలి. అది మీ మీద అని పొరబడకండి. దేవుడొచ్చి అక్షరం దిద్దుతాడని అమ్మ కూడా అనుకోవడం లేదు. ఇవాళ్టి 'కాదు' ఆఖరి జవాబు కాదనేదే మా నమ్మకం. న్యూజిలాండ్‌లో ఆడవాళ్లు ఓటు హక్కు కోసం 1891లో 9 వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీలు పెట్టుకున్నారు. హక్కు రాలేదు. 1892లో దాదాపు 20 వేల సంతకాలు. అప్పుడూ రాలేదు. 1893లో దాదాపు 32 వేలు. కాగితాలను ఒకదానికొకటి అంటించి చుడితే ప్రధానమైన అర్జీయే 270 మీటర్ల పొడవు తేలింది. జాన్ హాల్ అనే సభ్యుడు ఆ చుట్టను సభలో నేల మీద దొర్లించాడు. ఆ ఏడాది సెప్టెంబర్ 19న చట్టం వచ్చింది. అందరూ మూడో అర్జీ గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం రెండోసారి సంతకం పెట్టినవాళ్లే గుర్తొస్తారు. మొదటిసారి ఏమైందో తెలిసి కూడా పెట్టారు.

ఇక నా విన్నపం. ఆధారాలన్నీ సరిగ్గా ఉన్నప్పుడు ఇలాంటి అక్షర దోషాలు దిద్దే అధికారం కౌంటర్‌లో ఉన్నవాళ్లకే ఇవ్వండి. తప్పు జరుగుతుందని భయమైతే, దిద్దినవన్నీ తర్వాత పైఅధికారి తనిఖీ చేయవచ్చు. కనీసం, పని జరిగిందని అర్జీదారు ఒప్పుకునే వరకు 'పరిష్కారమైంది' అని రాయకండి. కుదరకపోతే ఎందుకు కుదరదో, ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో రాతపూర్వకంగా చెప్పండి. ఆ రోజు నా స్టార్లు మీకూ ఇస్తాను, పిసినారితనం చేయను.

సోమవారం అయిదోసారి అర్జీ పెట్టబోతున్నాను. మోకాళ్ల నొప్పులతో ఎందుకమ్మా అంటున్నా వినకుండా అమ్మ కూడా వస్తానంటోంది. ఈసారైనా ఆ అమ్మాయి పేరు కనుక్కోవాలట.

ఇట్లు,
ఒక అర్జీదారు