వంద రూపాయల మాత్ర అడిగేవాళ్లకు ఏం చెప్పమంటారు?

సంపాదకులకు నమస్కారం.

క్యాన్సర్ పరిశోధనల గురించి పత్రికలు, టీవీ చానళ్లు ఇస్తున్న వార్తల మీద ఈ ఉత్తరం. నేను గుంటూరులో ఒక ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తాను. కీమో మందులు మా కౌంటర్ నుంచే వార్డుకు వెళ్తాయి. 'క్యాన్సర్‌కు చెక్', 'రోగులకు గుడ్ న్యూస్' అని ఎక్కడైనా పడితే చాలు, మర్నాటి నుంచి దాని గురించి అడిగేవాళ్లు మొదలవుతారు. వాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సింది మేము.

2024 ఫిబ్రవరి చివర్లో ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి నుంచి వచ్చిన వార్త మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. క్యాన్సర్ తిరగబెట్టకుండా వంద రూపాయల మాత్ర కనిపెట్టారని దేశమంతా మోగిపోయింది. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ పేపరు ముక్కను భార్య స్కాన్ రిపోర్టుల మధ్య మడిచిపెట్టి తెచ్చాడు. "అమ్మా, ఇది మీ దగ్గర దొరుకుద్దా? ఓ నెలకి సరిపడా ఇవ్వండి" అన్నాడు. ఆమెకు రొమ్ము ఆపరేషన్ అయి, కీమో సగంలో ఉంది. ఈ మాత్ర వాడితే మిగతా కీమో ఆపేయొచ్చా అన్నది ఆయన రెండో ప్రశ్న. వాంతులు, నోటిపూత, ప్రతిసారీ కారు కిరాయి. అలా అడగడంలో ఆయన తప్పేమీ లేదు.

అసలు సంగతిని పరిశోధకులు దాచలేదు. ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్‌ను, రాగిని కలిపి చేసిన మాత్ర అది. చనిపోయే క్యాన్సర్ కణాల నుంచి విడివడిన క్రోమాటిన్ (కణం లోపల డీఎన్‌ఏ ఉండే పదార్థం) తునకలు రక్తంలో తిరుగుతూ మంచి కణాల్లో చేరి వాటినీ క్యాన్సర్ కణాలుగా మార్చగలవని, ఈ మాత్ర ఆ తునకలను నాశనం చేస్తుందని వాళ్ల వాదన. చికిత్స వల్ల వచ్చే ఇబ్బందులు తగ్గుతాయా అన్నది ఎలుకల్లోనూ మనుషుల్లోనూ చూశారు. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపుతుందా అన్నది మాత్రం ఎలుకల్లోనే చూశారు. మనుషుల్లో ఆ పరీక్ష పూర్తవడానికి అయిదేళ్లు పట్టొచ్చని పరిశోధక బృందంలోని డాక్టర్ రాజేంద్ర బద్వే స్వయంగా చెప్పారు. అనుమతికి వెళ్లింది కూడా ఆహార పదార్థాలను చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గరికి. ఇంత ముఖ్యమైన విషయాలు వార్త అడుగున ఎక్కడో ఉంటే, పెద్దక్షరాల్లో ఉన్నది 'వంద రూపాయలు'. పెద్దాయన చించి తెచ్చిన ముక్కలో ఆ కింది భాగమే లేదు.

2022 జూన్‌లో వచ్చిన డోస్టార్లిమాబ్ అనే మందు వార్త ఇంకో రకం. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ ఉన్న 12 మందికి మూడు వారాలకోసారి చొప్పున ఆరు నెలలు ఆ మందు ఇచ్చారు. అందరిలోనూ కణితి కనిపించకుండా పోయింది. నిజంగా గొప్ప ఫలితం, తర్వాత మరింత మందిలోనూ నిలబడింది. కానీ ఆ 12 మంది కణితుల్లోనూ ఒక ప్రత్యేక లోపం ఉంది. డీఎన్‌ఏలో దొర్లే తప్పులను సరిచేసే ఏర్పాటు వాటిలో పనిచేయదు. రెక్టమ్ క్యాన్సర్లలో అలాంటివి నూటికి అయిదు నుంచి పది. పైగా వ్యాధి వేరే అవయవాలకు పాకనివాళ్లనే ఎంచుకున్నారు. ఇవేవీ చెప్పకుండా 'చరిత్రలో తొలిసారి క్యాన్సర్ మాయం' అంటే, లివర్ దాకా పాకినవాళ్ల పిల్లలు అప్పు చేసైనా ఆ మందు తెప్పించాలని పరుగులు పెడతారు. అమెరికాలో ఒక్కో డోసు పది వేల డాలర్ల పైమాటే.

ఆ వార్తలో మనవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఆ లోపం ఉందో లేదో బయాప్సీలో తీసిన కణితి ముక్క మీద ఎంఎంఆర్ అనే పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఆ పరీక్ష మన దగ్గరా జరుగుతుంది. రిపోర్టు చూసి, డోస్టార్లిమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ (మన రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స) ఉపయోగపడుతుందో లేదో డాక్టరు చెప్పగలరు. నేను చూసిన తెలుగు వార్తల్లో ఆ ముక్క ఎక్కడా లేదు. ఒక్క వాక్యం రాసి ఉంటే ఎంతమందికి దారి చూపేదో!

రష్యా క్యాన్సర్ టీకా సంగతీ అంతే. 2024 డిసెంబర్‌లో ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి, పిల్లలకు వేయించొచ్చా అని అడుగుతూనే ఉన్నారు. అది ఇప్పటికే క్యాన్సర్ వచ్చినవాళ్లకు, వాళ్ల కణితిని బట్టి విడిగా తయారుచేసేది. క్యాన్సర్ రాకుండా ముందే వేసే టీకా కాదు. మన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేయాల్సిన హెచ్‌పీవీ టీకా ఎన్నాళ్లుగానో ఉంది. దాని గురించి మాత్రం అడిగేవాళ్లు చాలా తక్కువ.

ఆశ పెట్టొద్దని నేను అనడం లేదు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన కార్-టీ చికిత్సకు (రోగి రోగనిరోధక కణాలనే తీసి, మార్చి, తిరిగి ఎక్కించే పద్ధతి) 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. విదేశాల్లో కోట్లు అయ్యేది ఇక్కడ పదుల లక్షల్లోకి దిగింది. గర్వంగా రాయాల్సిన వార్తే. అది మిగతా మందులకు లొంగని కొన్ని రకాల బ్లడ్ క్యాన్సర్లకు మాత్రమేనని మొదటి పేరాలోనే చెబితే, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ల ఇంట్లో టెన్షన్ పడి ఫోన్లు చేసే పని ఉండదు.

నేను కోరేది ఎక్కువేం కాదు. పరీక్ష గాజు గిన్నెలో కణాల మీద జరిగిందా, ఎలుకల్లోనా, మనుషుల్లోనా? ఎంతమందిలో, ఏ రకం క్యాన్సర్‌లో, ఏ స్టేజిలో? మన దగ్గర దొరుకుతుందా, ఎంతవుతుంది? ఇవి శీర్షిక కిందే ఉండాలి. లక్ష్మణఫలం ఆకులు కీమోను మించినవన్న ప్రచారం గాజు గిన్నెల్లోని కణాల మీద చేసిన పరీక్షల నుంచి పుట్టిందే. ఆ కషాయం తాగుతూ కీమో తేదీలు దాటేసినవాళ్లను చూశాను. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు వచ్చినవాళ్లు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ వచ్చేసరికి డాక్టర్ల చేతిలో ఉన్న మార్గాలు తగ్గిపోతాయి.

ఇంకొకటి. మొదటి పేజీలో వచ్చిన మందు తర్వాత విఫలమైతే ఆ కబురు ఎక్కడా రాదు. 1998 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో కణితికి రక్తనాళాలు పెరగకుండా ఆపే ఎండోస్టాటిన్ అనే మందు గురించి రాస్తే, దాన్ని తయారుచేస్తున్న కంపెనీ షేరు ఒక్కరోజులో మూడింతలు దాటింది. అదీ ఎలుకల మీద ఫలితమే. అమెరికాలో మనుషుల మీద పరీక్షల్లో ఆ మందు ఆశించినంత పనిచేయలేదు. ఏటా ఫిబ్రవరి 4న, ప్రపంచ క్యాన్సర్ దినం నాడు, పత్రికలు ఎలాగూ ప్రత్యేక పేజీ వేస్తాయి. వచ్చే ఏడాది ఆ పేజీలో సగం, మీరు ఇన్నాళ్లూ రాసిన క్యాన్సర్ వార్తల్లో ఏ మందు ఎక్కడిదాకా వచ్చిందో, ఏది ఆగిపోయిందో చెప్పడానికి కేటాయించండి. మన ఊళ్లలోని క్యాన్సర్ డాక్టర్లను అడిగి రాయించండి. దాన్ని మా కౌంటర్ అద్దానికి అతికిస్తాను.

– ఒక ఆస్పత్రి ఫార్మసిస్టు, గుంటూరు