తాబేలు తిప్పిన దారి

ఒరేయ్ రాంబాబూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకుని ఉంటావు. "పచ్చికలో తిరగడానికి జీతమిస్తున్నారట, పెట్టిపుట్టావురా" అని రాశావే, ఆ ముక్క చదివేటప్పటికి మోకాళ్ల దాకా బురదలో ఉన్నాను. ఫ్లోరిడా వాన సంగతి నీకు తెలియదు. మధ్యాహ్నం గంటసేపు కురిసి, మేం వారం పాటు గోల్ఫ్ మైదానం బంకర్లలో, అంటే ఆటగాడికి అడ్డుగా తవ్వే ఇసుక గుంటల్లో, సర్దిన ఇసుకనంతా గుంట అడుగుకు ఊడ్చేసింది. మర్నాడు పారలు పట్టుకుని మళ్లీ మొదటికి.

గోల్ఫ్ మైదానం రూపకల్పన అంటే బొమ్మలు గీసే పని అనుకుని వచ్చాను. ఇది నీటి పనిరా! గ్రీన్ మీద, అంటే బంతి పడాల్సిన గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద, నీకు కనిపించేది గడ్డి. దాని కింద 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం, ఆ కింద 10 సెంటీమీటర్ల కంకర, అడుగున చిల్లుల గొట్టాలు. ఇసుకను ప్రయోగశాలకు పంపి, నీరు ఎంత వేగంగా ఇంకుతుందో పరీక్ష చేయించనిదే లారీ కదలదు. మడిలో నీరు నిలవాలని నాన్న జన్మంతా దమ్ము చేసి గట్లు వేశాడు. కొడుకు నీరు నిలవకూడదని గొట్టాలు పాతుతున్నాడు! జెండా పాతే చోట వాలు నూటికి మూడు దాటితే బంతి ఆగదు, ఒకటికి తగ్గితే నీరు కదలదు. నా కళంతా ఆ రెంటి మధ్య ఇరుక్కుని ఉంది.

నిజానికి కళాకారుడు నేను కాదు, షేపర్. బుల్‌డోజర్ మీద కూర్చుని బ్లేడుతో నేలను చెక్కే మనిషి. నా నక్షా చూసి తల అడ్డంగా ఊపి, తనకు తోచినట్లు చెక్కి, దిగి వచ్చి "ఇప్పుడు చూడు" అంటాడు. చాలాసార్లు అతనిదే బాగుంటుంది. రాత్రి కూర్చుని నా నక్షాను అతని పనికి తగ్గట్టు దిద్దుకుంటాను. ఈ మాట మా ఆఫీసులో అనకూడదు.

మెరక నేలంతా ఇళ్ల స్థలాలకు పోయింది. పల్లమూ, కరెంటు తీగల కింది నేలా మాకు మిగిలాయి. కిటికీలోంచి పచ్చదనం కనిపిస్తే ఇంటి ధర పెరుగుతుంది, మైదానం అందుకే. ఇక మూడో హోల్ దగ్గర, అంటే మూడో గుంత దాకా బంతి కొట్టుకుంటూ పోయే దారిలో, తాబేలు బొరియ బయటపడింది. ఇక్కడ గోఫర్ తాబేలు రక్షిత జీవి. బొరియకు 25 అడుగుల లోపు తవ్వాలంటే అనుమతి తెచ్చి, ముందు దాన్ని వేరే చోటికి తరలించాలి. ఆ కాగితాలకు పట్టే కాలం లెక్కవేసి దారినే పక్కకు తిప్పాను. ఆ మలుపు అద్భుతమని యజమాని నిన్న భుజం తట్టాడు. తాబేలు సంగతి నేను ఎత్తలేదు.

ఆయనకు పేరుమోసిన గోల్ఫ్ మైదానం అగస్టా లాంటిది కావాలి. ఫోన్లో ఫొటో కూడా చూపించాడు. గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి ఆ అగస్టాను తీర్చిన అలిస్టర్ మెకంజీ 1934 జనవరిలో పోయాడు, రావలసిన రుసుము పూర్తిగా అందకుండానే. అదే ఏడు మార్చిలో అక్కడ మొదటి మాస్టర్స్ గోల్ఫ్ పోటీ ఆడారు. మా బిల్లు ఆగి నాలుగు నెలలే కదా అని సర్దిచెప్పుకుంటున్నాను.

మళ్లీ మబ్బు పట్టింది. వెళ్లి గొట్టాల మూతులు చూసుకోవాలి. అన్నట్టు, మా పొలం పక్క మురుగు కాలువలో పూడిక తీయించావా? నాట్లకు ముందే ఆ పని చూడరా. పిన్నిని అడిగానని చెప్పు.

నీ
శీను