మంత్రి గారూ, ఆ గది తాళం తీయించండి

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా జిల్లా మ్యూజియంలో బాలల గదికి రిబ్బన్ కట్ చేసింది మీరే. ఆ రోజు ముందు వరసలో కూర్చున్నది మా ఎనిమిదో తరగతి పిల్లలు. నేను వాళ్లకు సోషల్ చెప్తాను. ఇక్కడ అన్నీ ముట్టుకుని చూడొచ్చని మీరు మైకులో అంటే చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టారు. ఆ పిల్లలు ఇప్పుడు పదో తరగతి. మేం ఎప్పుడు వెళ్లినా ఆ గదికి తాళమే. మొన్న కిటికీలోంచి చూస్తే విరిగిన కుర్చీలు, ఫ్లెక్సీ చుట్టలు కనిపించాయి.

మూడు అర్జీలు పెట్టాను. ఒకటి మీ పేషీకే పోస్టులో పంపాను. 'పరిశీలనలో ఉంది' అని ఒక్క జవాబు వచ్చింది. పరిశీలించడానికి ఏముందండీ? గది ఉంది, తాళంచెవి ఉంది, పిల్లలు ఉన్నారు.

పోయిన డిసెంబరులో వాళ్లను మళ్లీ తీసుకెళ్లాను. ముందురోజు బోర్డు మీద అశోకుడి కాలం నాటి పాత లిపి, బ్రాహ్మి అక్షరాలు రాసి చూపించాను. అందులో 'క' అచ్చం లెక్కల్లో కూడిక గుర్తులా ఉంటుంది. మ్యూజియంలో, నాగార్జునకొండ దగ్గర రాజ్యం ఏలిన ఇక్ష్వాకుల నాటి శాసనం దగ్గర ఒక అబ్బాయి మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు వెతికాడు. "టీచర్, నా పేరులో క దొరికింది. కానీ దీని కాలు సాగిపోయింది" అన్నాడు. నిజమే. అశోకుడి నుంచి ఇక్ష్వాకుల దాకా గడిచిన అయిదు వందల ఏళ్లలో ఆ అక్షరం కాలు కిందికి సాగింది. లిపి మారుతుందని నేను చెప్పలేదు, వాడే కనిపెట్టాడు. ఇంతలో "కదలండి, కదలండి" అని అటెండర్ గారు వచ్చారు. ఆయన్ను తప్పుపట్టను, అన్ని హాళ్లకూ ఆయనొక్కడే.

ఆ రాయి కింద చీటీలో ఉన్నవి ఇంగ్లీషులో మూడు మాటలు. ఎక్కడ దొరికిందో, ఎవరు వేయించారో ఒక్క ముక్క లేదు. నాగార్జునకొండలో మహాచైత్యాన్ని, అంటే పెద్ద బౌద్ధ స్తూపాన్ని నిలబెట్టిన చాంతిసిరి, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త. క్లాసులో ఆ మాట చెప్పగానే ఆడపిల్లలు తలలెత్తారు. మేనత్త అంటే వాళ్లకు తెలుసు. ఆ ఒక్క మాట తెలుగులో రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుందండీ?

1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపారు. సాగర్ నీళ్లు ముంచేలోపు దొరికినంత దక్కించుకోవాలని ఎండల్లో పనిచేశారు. కొన్ని కట్టడాలను రాళ్లు విప్పి కొండపైకీ, దగ్గర్లోని అనుపు అనే చోటికీ తరలించి మళ్లీ పేర్చారు. అమరావతి శిల్పాల్లో చాలావరకు లండన్‌కూ చెన్నైకీ పోయాయి. మిగిలినవాటినైనా మన పిల్లలకు దగ్గరగా చూపించలేమా?

అసలు శిల్పాలను ముట్టుకోనివ్వమని నేను అడగట్లేదు. ప్లాస్టర్ నకళ్లు చాలు. తెలుగులో చీటీలు పెట్టించండి. కథ చెప్పే మనిషి లేకపోతే శనివారాలు నేనే వస్తాను, జీతం వద్దు. ముందు ఆ గది తెరిపించండి. దయచేసి తెరిపించండి.

మార్చిలో పరీక్షలు రాసి ఈ పిల్లలు మా బడి వదిలి వెళ్లిపోతారు. ఆ రోజు చప్పట్లు కొట్టింది వాళ్లే సార్. ఆలోపు ఒక్కరోజైనా వాళ్లను ఆ గదిలోకి తీసుకెళ్లనివ్వండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ హైస్కూలు సోషల్ టీచర్