నడకనూ కొలవాలి

సంపాదకులకు,

పార్కిన్సన్స్ వ్యాధి ఎంత ముదిరిందో చేతి వణుకును బట్టే అంచనా వేయడం సరికాదు. అడుగు పొడవు తగ్గడం, నడిచేటప్పుడు ఒక చేతి ఊపు మందగించడం, వెనక్కి తిరగడానికి చిన్న చిన్న అడుగులు అనేకం పడటం కూడా గమనించవలసినవే. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయాన్ని చూసే పరీక్షకు స్టాప్‌వాచ్ చాలు. అయితే ఈ వ్యాధికి వాడే లెవోడోపా మాత్ర పనిచేస్తున్నప్పటి నడక వేరు, దాని ప్రభావం తగ్గాక నడక వేరు కనుక, మాత్ర వేసుకున్న తరువాత ప్రతిసారీ అంతే వ్యవధికి కొలవకపోతే ఆ అంకెలను పోల్చి ప్రయోజనం లేదు. డాక్టరు ఎదుట రోగి ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తాడు, ఇది సహజం. అందుచేత నడుముకు కట్టే సెన్సర్లతో ఇంటి నడకను కూడా నమోదు చేయించి, మందు మోతాదు మార్చే ముందు ఆ వివరాలను చూడాలని నరాల వైద్యులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు