పాఠకుల సంఘం వార్షిక నివేదిక (2024 జూలై – 2025 జూన్)

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి వారం ముందే కార్యదర్శి నివేదిక అందరికీ చేరాలని నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. ఇది చదవకుండా వచ్చి "అసలు ఈ ఏడాది ఏం చేశారండీ?" అని అడిగేవాళ్లు ఈసారైనా అడగరని ఆశ. సంఘం ఎందుకు పెట్టుకున్నామో, నెలకోసారి ఎందుకు కలుస్తామో మీకు తెలిసిందే, అది వదిలేస్తున్నా.

నిరుడు ఇదే సమావేశంలో జరిగిన గొడవ గుర్తుండే ఉంటుంది. వరసపెట్టి కరువులు, యుద్ధాలు, దేశవిభజన నవలలు చదివించి చంపుతున్నారని, బయట లేఆఫుల టెన్షన్ చాలక పుస్తకాల్లో కూడా ఏడుపేనా అని సగం మంది లేచారు. సరే, ఏడాదిపాటు మనసుకు హాయిగా ఉండేవే చదువుదామన్నాం. మనం ఉండేది నార్త్ కరోలినాలో, మన కేరీ ఊరి నుంచి కారులో మూడు గంటలు పడమటికి పోతే బ్లూ రిడ్జ్ కొండలు, ఈ తరహా నవలలకు పేరుపడ్డ ఊరు కూడా అక్కడే ఉంది, కాబట్టి చిన్న కొండ ఊళ్ల కథలని ఖాయమైంది. "అవన్నీ చక్కెర పాకం పుస్తకాలు" అని అప్పుడు ముఖం చిట్లించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ కొన్నింటి మీద నా అభిప్రాయం అదే, కానీ అన్నింటి మీదా కాదు.

ఎక్కువ నెలలు పట్టింది జాన్ కారన్ గారి మిట్‌ఫర్డ్ నవలలకే, మిట్‌ఫర్డ్ అంటే ఆవిడ కల్పించిన కొండ ఊరు. పేరు చూసి మగాయన అనుకోకండి. ఆవిడ 1937లో మన రాష్ట్రంలోనే లెనోయిర్‌లో పుట్టారు, చాలా ఏళ్లు అడ్వర్టైజింగ్‌లో పనిచేసి, యాభై దగ్గర పడ్డాక ఆ ఉద్యోగం వదిలేసి బ్లోయింగ్ రాక్ అనే చిన్న కొండ ఊరికి వెళ్లి రాయడం మొదలుపెట్టారు, మిట్‌ఫర్డ్‌కు నమూనా ఆ ఊరే. మొదటి నవల ఆ ఊరి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1994లో పుస్తకమైంది. కథానాయకుడు ఫాదర్ టిమ్, అరవై దాటిన బ్రహ్మచారి ఎపిస్కోపల్ పాదిరీ, పైగా షుగరు జబ్బు. వెంటపడి వచ్చేసిన పెద్ద కుక్క ఒకటి, బైబిలు వాక్యం వినిపిస్తే తప్ప అది మాట వినదు. దిక్కులేక ఆయన పంచన చేరిన డూలీ అనే కుర్రాడు, పక్కింట్లో పిల్లల పుస్తకాలు రాసి బొమ్మలు వేసే సింథియా, ఊళ్లో ఒకే గ్రిల్లు (చిన్న హోటలు), అందులో రోజూ అదే బల్ల దగ్గర అదే మనుషులు. కథ అంటే ఇంతే. మొదటి చర్చలో ఒకరు "నూరు పేజీలయింది, ఇంకా ఏమీ జరగలేదేంటి?" అనడం, వెంటనే ఒక పిన్నిగారు "జరగకపోవడమేగా మనకు కావల్సింది" అనడం మినిట్స్‌లో రాశాను.

ఈ నవలల్లో జనాన్ని పట్టేది ప్రకృతి వర్ణన అని అందరూ అనుకుంటారు. మా చర్చల్లో తేలింది అది కాదు. పొగమంచు, చెట్ల రంగులు కాసిని ఉంటాయి, వాటికోసం వందల పేజీలు ఎవరూ చదవరు. కొండ చేసే అసలు పని వేరు, మనుషులు ఒకరినొకరు తప్పించుకు తిరగడానికి వీల్లేకుండా చేస్తుంది. ఒకటే మెయిన్ స్ట్రీటు. మంచు పడితే దారి మూసుకుపోతుంది. ఇవాళ మాటా మాటా అనుకున్న మనిషితోనే రేపు పొద్దున్న అదే గ్రిల్లులో కాఫీ తాగాలి. ఒకాయన నాలుగు రోజులు కనపడకపోతే ఎవరో ఒకరు తలుపు కొట్టి తీరతారు. మనం ఎలా ఉంటాం? గరాజ్ తలుపు రిమోట్‌తో లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగుతుంది, పక్కింటాయన పేరు మెయిల్‌బాక్స్ మీద చదివి తెలుసుకోవాలి. మనలాంటి వాళ్లు ఈ పుస్తకాలు ఎందుకు కింద పెట్టలేకపోయారో దీన్నిబట్టే అర్థమవుతుంది.

సీరియల్ సంగతి కూడా ఊరికే చెప్పలేదు. వారం వారం చదివేవాడికి ఆ వారానికి సరిపడా తృప్తి ఇవ్వాలి, ఊరి మనుషుల్ని మళ్లీ మళ్లీ పలకరించాలి, అందుకే ఆ నవలలో అధ్యాయాలు దేనికది విడిగా చదువుకున్నా బాగుంటాయి. మన సత్యం శంకరమంచి గారి అమరావతి కథలు కూడా ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చినవే. అక్కడ కొండ లేదు, కృష్ణ ఉంది, అయినా ఒక చిన్న ఊరినే పట్టుకుని గుడి దగ్గరా రేవు దగ్గరా అదే జనాన్ని తిప్పి తిప్పి చూపించడం ఒకటే పద్ధతి. ఈ పోలిక తెచ్చింది మన ఉపాధ్యక్షులు, ఈ ఏడాది చర్చల్లో నాకు బాగా నచ్చిన మాట అదే.

ఎదురు వాదన కూడా గట్టిగానే జరిగింది, అది రాయకపోతే శ్రీకాకుళం బాబాయిగారు ఊరుకోరు. ఆయన అన్నదేమంటే, మన తెలుగు సాహిత్యంలో కొండ అంటే హాయి ఎక్కడుంది? మన్యం అనగానే 1922లో అల్లూరి చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోవడం గుర్తొస్తుంది, తర్వాత శ్రీకాకుళం ఉద్యమం. మైదానంవాడు కొండ ఎక్కితే ఆఫీసరుగానో కాంట్రాక్టరుగానో షావుకారుగానో ఎక్కాడు, హాయిగా బతకడానికి కాదు. హార్స్‌లీ హిల్స్‌కి సైతం కడప కలెక్టరు పేరే కదా పెట్టారు. అలాగే బ్లూ రిడ్జ్ కూడా భాగమైన అపలాచియా కొండల్లో ఉన్న పేదరికం, మూతపడ్డ మిల్లులు, మత్తుమందుల చావులు ఈ నవలల్లో ఎక్కడ అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొంతవరకు జవాబు పుస్తకాల్లోనే ఉంది. డూలీ తల్లి తాగుడుకు బానిసై పిల్లల్ని తలోదిక్కూ వదిలేసింది, మూడో నవలలో ఆమె ఒళ్లు కాలి ఆసుపత్రిలో పడుతుంది. ఊరి చివర వాగు పక్కన బతికే జనం దగ్గరికి ఊళ్లోవాళ్లు వెళ్లడానికి భయపడతారు. చలి లేకపోతే కుంపటి విలువ తెలియదని కారన్ గారికి తెలుసు. కానీ ప్రతి గాయమూ మానిపోయే తీరుతుందని పాఠకుడికి ముందే తెలిసిపోతుంది, అక్కడే బాబాయిగారికి ఒళ్లు మండుతుంది.

ఆయన్ని శాంతింపజేయడానికే శీతాకాలంలో కాథరిన్ మార్షల్ గారి క్రిస్టీ (1967) పెట్టాం. రచయిత్రి తన తల్లి జీవితాన్ని ఆధారం చేసుకుని రాసిన నవల. పంతొమ్మిదేళ్ల అమ్మాయి టెన్నెసీ కొండల్లో మిషన్ బడికి పంతులమ్మగా వెళ్తుంది. కుటుంబాల మధ్య పాత పగలు, దొంగ సారా, చివరికి టైఫాయిడ్. ఇది హాయి పుస్తకమేనా అని ఒక గంట కొట్టుకున్నాం, తేలలేదు. రాబిన్ కార్ గారి వర్జిన్ రివర్ (2007) మాత్రం తొందరగా ముగిసింది, ఎందుకంటే అందరూ నెట్‌ఫ్లిక్స్‌లో చూసి వచ్చారు, పుస్తకం చదివినవాళ్లు తక్కువ. ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో ఒక ఊరు, భర్త పోయిన నర్సు కొత్త ఉద్యోగానికి వస్తుంది, బారు నడిపే మాజీ సైనికుడు. దుఃఖంతో బయటి మనిషి రావడం, ఊరు ఆ మనిషిని తనలో కలిపేసుకోవడం, ఈ అచ్చు ఇలాంటి నవలల్లో చాలా వాటికి ఉంది. సూట్‌కేసు పట్టుకుని ఈ దేశంలో దిగినవాళ్లం, అది మనకెందుకు తగులుతుందో విడమర్చి చెప్పాలా?

ఇక అసలు విషయం. అక్టోబరు మొదట్లో, ఆకులు రంగు మారే రోజుల్లో, బ్లోయింగ్ రాక్ యాత్ర అనుకున్నాం. బస్సు మాట్లాడాం. సెప్టెంబరు 27న హెలీన్ తుఫాను వచ్చింది. మన రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయారు. చిమ్నీ రాక్ అనే ఊరి వీధి నదిలో కొట్టుకుపోయింది, టెన్నెసీ వైపు పోయే ఐ-40 హైవే పీజన్ నది పక్కన విరిగిపడింది, ఆష్‌విల్ నగరంలో కుళాయిల్లో తాగదగ్గ నీళ్లు నవంబరు 18 దాకా రాలేదు. దారులు తెగిన ఊళ్లకు కంచరగాడిదల మీద మందులు, తిండి మోశారు. మనం అప్పటిదాకా హాయిగా చదువుకుంటున్న కొండలే అవి. ఆ నెల చర్చ రద్దు చేసి నీళ్ల కేసులు, దుప్పట్లు, డైపర్లు పోగుచేసి ట్రక్కుకు ఎక్కించాం. ఇది మాత్రం గర్వంగా చెప్తున్నా, ఆ శనివారం పిలవకుండానే వచ్చినవాళ్లు ఉన్నారు, సంఘం సభ్యులు కానివాళ్లు కూడా. మిట్‌ఫర్డ్ అంటే ఏంటో ఆ పార్కింగ్ లాట్‌లో చూశాం. పేర్లిచ్చి రానివాళ్ల గురించి కింద రాస్తాను.

వాయిదాపడిన యాత్ర మే నెలలో జరిగింది. ఈ నివేదికలో మీరు ఒక్క పేరానే చదువుతామంటే ఇది చదవండి. వృద్ధులు, పిల్లలు, పులిహోర డబ్బాలు, అన్నీ ఒకే బస్సులో. కొండల మీదుగా పోయే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డులో కొన్ని భాగాలు తుఫాను దెబ్బకు అప్పటికీ మూసే ఉన్నాయి, దాంతో 421 హైవే మీదుగా బూన్ అనే ఊరు చేరి అక్కణ్నుంచి 321 హైవేలో వెళ్లాం. మెయిన్ స్ట్రీట్ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాం, రాతితో కట్టిన సెయింట్ మేరీ ఆఫ్ ది హిల్స్ చర్చిలో ఎలియట్ డేంజర్‌ఫీల్డ్ వేసిన మరియమ్మ చిత్రం చూశాం. ఊరికి పేరు తెచ్చిన బండ దగ్గర కింద జాన్స్ నది లోయలోంచి గాలి పైకి కొడుతుంది, శీతాకాలంలో మంచు కూడా పైకే ఎగురుతుందట. మన పిల్లలు టిష్యూ కాగితం వదిలారు, అది తిరిగొచ్చి అత్తయ్యగారి కళ్లజోడు మీద అతుక్కుంది. మెమోరియల్ పార్కులో కూర్చుని మొదటి నవల ముగింపు మీద చర్చ పెట్టాం, పక్క బెంచీ మీదున్న ఒక అమెరికన్ పెద్దావిడ మధ్యలో కల్పించుకుని డూలీ గురించి మనకంటే ఎక్కువ చెప్పారు. ఆ నవలల్లో ఎస్తర్ చేసే ఆరెంజ్ మార్మలేడ్ కేకు పాదిరీగారి షుగరుకు గండం. మనవాళ్లు దాన్ని గుడ్డు లేకుండా చేసుకొచ్చారు, షుగరున్నవాళ్లే ముందు అయిపోగొట్టారు. తిరుగు దారిలో హడ్సన్‌లో ఆగి, కారన్ గారు చిన్నప్పుడు చదివిన బడి భవనంలో ఉన్న మిట్‌ఫర్డ్ మ్యూజియం చూశాం. అక్కడ సందర్శకుల కోసం నడిపే ట్వీట్‌సీ ఆవిరి రైలు ఎక్కించలేదని పిల్లలు మాత్రం ఇంకా అలిగే ఉన్నారు.

జూన్‌లో రస్కిన్ బాండ్. ముస్సోరీ పైన లాండోర్‌లో దశాబ్దాలుగా ఉంటూ రాస్తున్న ఆయన గురించి నేను ప్రత్యేకంగా రాయక్కర్లేదు, మీ పిల్లల పాఠాల్లో చదివే ఉంటారు. ఆయన కొండల్లో ఒంటరితనం కూడా ఉంది, దాన్ని ఎవరూ బాగుచేయరు. బాబాయిగారు ఆ రోజు మొదటిసారి నవ్వారు.

కృతజ్ఞతలు. పేర్లు రాయడం లేదు. నిరుడు ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక అని జరిగిన రభస చాలు. బస్సు మాట్లాడి, వాయిదాపడినప్పుడు అడ్వాన్సు వెనక్కి రప్పించిన తమ్ముడికి, కేకు మూడు ట్రేలు చేసిన మోరిస్‌విల్ అక్కకి, పులిహోర, పెరుగన్నం తెచ్చిన దంపతులకి, తుఫాను సరుకులకు తన గరాజ్ ఇచ్చిన అన్నయ్యకి, వాళ్లావిడకి (కారు రెండు వారాలు బయటే ఉంది), ఇంగ్లీషు నవల చదవలేని పెద్దవాళ్లకు నెలనెలా కథ తెలుగులో చెప్పిన మాస్టారికి, ఫొటోలు తీసిన పిల్లలకి, ప్రతి సమావేశం తర్వాత కుర్చీలు సర్దిన ఆ ఇద్దరికీ సంఘం తరఫున దండాలు.

లెక్కలు. చందాలు, ఖర్చులు సరిపోయాయి, కొద్దిగా మిగిలింది. తుఫాను విరాళాలు వచ్చినవి వచ్చినట్టే ఇచ్చేశాం. కాగితం వెనక జతచేశాం, ప్రశ్నలుంటే కోశాధికారిగారిని అడగండి, నన్ను కాదు.

ఇప్పుడు మనసులో ఉన్నది చెప్పేస్తా. స్వచ్ఛంద సేవకు పేర్లిచ్చిన జాబితా చాలా పొడుగు, వచ్చినవాళ్ల జాబితా ఒక కారులో పడుతుంది. "ట్రాఫిక్ అండీ", "పిల్లాడికి స్విమ్మింగ్ అండీ" అని మెసేజ్ పెట్టినా సరే, చెప్పకుండా మానేస్తే కుర్చీలు వేసేది అరవై ఏళ్లవాళ్లు. మిట్‌ఫర్డ్ చదివి కళ్లనీళ్లు పెట్టుకున్న కొందరే ఈ జాబితాలో ఉండటం నాకు మరీ బాధగా ఉంది. హాలు కేటాయించే ఆఫీసు సంగతి ఇంకో తలనొప్పి. రసీదు చేతిలో ఉండగా చివరి నిమిషంలో గది వేరేవాళ్లకు ఇచ్చారు, ఫోన్ చేస్తే ఫారం మళ్లీ నింపమన్నారు. నింపాను. జవాబు ఇంకా రాలేదు.

వచ్చే ఏడాది ఏం చదవాలో సమావేశంలో తేల్చుకుందాం. మళ్లీ దేశవిభజనకు పోదామని బాబాయిగారు, ఇంకో కొండ ఊరు చాలని పిన్నిగారు ఇప్పటికే సంతకాలు సేకరిస్తున్నారు. కార్యదర్శి పదవికి నేను మళ్లీ నిలబడటం లేదు, ఆసక్తి ఉన్నవాళ్లు నామినేషన్ ఇవ్వండి, పుస్తకాల బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంది. మిట్‌ఫర్డ్ రెండో నవల సంఘం కాపీ ఒకటి మార్చి నుంచి కనపడటం లేదు. ఎవరి దగ్గరుందో వాళ్లు సమావేశానికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గరి అట్టపెట్టెలో వేసేయండి, ఎవరని అడగం.

ఇట్లు,
కార్యదర్శి